దెబ్బ తగలనివాడు దొర్లుతుంటే రెఫరీ ఏం చెయ్యాలి

(తిరుపతిలో కాలేజీ ఫుట్‌బాల్ జట్లు, వ్యాయామ ఉపాధ్యాయులు, కొత్త రెఫరీల ముందు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, పొద్దున్నే శ్రీకాళహస్తి నుంచీ పుత్తూరు నుంచీ చిత్తూరు నుంచీ బస్సులెక్కి వచ్చిన పిల్లలందరికీ. నాకిచ్చిన కాగితం మీద ‘ఫెయిర్ ప్లే’ అని రాశారు. ఆ మాటకి అందరూ తలూపుతారు, దాని మీద గంటసేపు మాట్లాడినా ఎవరికీ ఏమీ అంటుకోదు, అందుకని దాన్ని నేను ఒక్క విషయానికి కుదించుకుంటాను. దెబ్బ తగలకపోయినా తగిలినట్టు కింద పడి దొర్లే ఆటగాడి గురించి, వాడి ముందు విజిల్ పట్టుకుని నిలబడిన రెఫరీ గురించి మాత్రమే మాట్లాడతాను. ఇది టీవీలో బ్రెజిల్ వాళ్ళదో ఇటలీ వాళ్ళదో జబ్బు అని మనం అనుకుంటూ వచ్చాం. ఇప్పుడు మన జిల్లాలో అండర్ 14 పిల్లలు కూడా చేస్తున్నారు. మన ఎర్రమట్టి గ్రౌండ్లలో నిజంగా పడితే మోకాలి చర్మం లేచిపోతుంది, అయినా సరే పడుతున్నారు. ఎందుకంటే పడితే పని జరుగుతోంది.

ముందు రూలు చూద్దాం. ఆట నియమాల్లో 12వ లా ఉంది కదా, అందులో స్పష్టంగానే ఉంది: గాయమైనట్టు నటించినా, ఫౌల్ జరగకుండానే జరిగినట్టు నటించినా అది రెఫరీని మోసం చెయ్యడానికి చేసిన ప్రయత్నం, దానికి ఎల్లో కార్డు. 1999 నుంచి ఇది కార్డు ఇవ్వాల్సిన తప్పుగానే ఉంది. అంటే రూలు లేక ఈ జబ్బు పెరగలేదు. పాతికేళ్ళకు పైగా రూలు పుస్తకంలో ఉండగానే పెరిగింది.

ఎందుకు పెరిగిందో చెప్పడానికి నాకు అందరికన్నా ముందు గుర్తొచ్చేది బ్రెజిల్ ఆటగాడు రివాల్డో. 2002 ప్రపంచ కప్, జూన్ 3, కొరియాలో ఉల్సాన్ అనే ఊళ్ళో బ్రెజిల్‌కీ టర్కీకీ మ్యాచ్. ఆట అయిపోవస్తోంది, బ్రెజిల్ 2-1తో ముందుంది. కార్నర్ కొట్టడానికి రివాల్డో జెండా దగ్గర నిలబడి ఉన్నాడు. టర్కీ ఆటగాడు హకన్ ఉన్సాల్ విసుగుతో బంతిని అతని వైపు కొట్టాడు, అది వెళ్ళి కాలికి తగిలింది. రివాల్డో రెండు చేతులతో మొహం పట్టుకుని కింద పడిపోయినాడు. మళ్ళీ చెప్తాను, బంతి తగిలింది కాలికి, పట్టుకున్నది మొహం! రెఫరీ ఉన్సాల్‌కి రెండో ఎల్లో చూపించి బయటికి పంపేశాడు. తర్వాత వీడియో చూసి ఫిఫా రివాల్డోకి 11,670 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. ఒక్క మ్యాచ్ కూడా ఆపలేదు. ఆ నెలాఖరుకి బ్రెజిల్ కప్పు ఎత్తింది. కోట్లు సంపాదించే ఆటగాడికి ఆ జరిమానా లెక్కలోకి రాదు, దాన్ని నేను శిక్ష అనలేను. ఉన్సాల్ కూడా తప్పు చేశాడు, బంతిని అట్లా కొట్టకూడదు, నిజమే. కానీ తన తప్పుకి మించిన శిక్ష అతను అనుభవిస్తే, మోసం చేసినవాడు కప్పు పట్టుకుని ఇంటికెళ్ళాడు. ఆ రోజు ప్రపంచంలో టీవీ ముందు కూర్చున్న ప్రతి పిల్లాడూ నేర్చుకున్నది ఇదే.

దీనికి పూర్తిగా అటువైపు కొసన ఉన్న కథ ఇంకొకటి ఉంది, పెద్దవాళ్ళలో కొందరికి తెలిసే ఉంటుంది. 1989 సెప్టెంబర్ 3, రియోలో మరకానా స్టేడియం, 1990 ప్రపంచ కప్‌కి అర్హత మ్యాచ్. బ్రెజిల్ ఒక గోల్ ముందుంది, చిలీ ఓడితే ఇక ఇంటికే. రెండో సగంలో ప్రేక్షకుల్లోంచి ఎవరో వెలుగుతున్న ఫ్లేర్ విసిరారు, అది చిలీ గోల్‌కీపర్ రొబెర్టో రొహాస్ దగ్గర్లో పడింది. పొగ. ఆ పొగలోంచి చూస్తే రొహాస్ కింద పడి ఉన్నాడు, మొహమంతా రక్తం. తోటి ఆటగాళ్ళు అతన్ని మోసుకుని బయటికెళ్ళిపోయారు, ఇక ఆడం అన్నారు. చూసినవాడు ఎవడైనా ఏమనుకుంటాడు? పాపం అనుకుంటాడు, బ్రెజిల్‌ని బహిష్కరించాలి అంటాడు. కానీ ఒక ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోల్లో ఫ్లేర్ అతనికి తగలనే లేదని తేలింది. గ్లౌజులో బ్లేడు దాచుకుని, తన నుదురు తనే కోసుకున్నాడు! ఆ సంగతి తర్వాత తనే ఒప్పుకున్నాడు. మ్యాచ్‌ని 2-0తో బ్రెజిల్‌కి ఇచ్చేశారు, చిలీని 1994 ప్రపంచ కప్ అర్హత పోటీల్లోకి కూడా రానివ్వలేదు, రొహాస్‌కి జీవితకాల నిషేధం. 2001లో ఎత్తేశారనుకోండి, అప్పటికి ఆడే వయసు దాటిపోయింది.

ఒకే రకం మోసానికి ఒకడికి జరిమానా, ఒకడికి జీవితం. నేను రొహాస్‌కి వేసిన శిక్ష ఎక్కువైందని అనడం లేదు, బ్లేడు దాచుకుని గ్రౌండులోకి వచ్చినవాడి మీద నాకు జాలి లేదు. కాకపోతే ఈ రెండింటి మధ్య ఉన్నదంతా, అంటే మనం ప్రతి ఆదివారం చూసే మామూలు దొర్లుడంతా, శిక్ష లేకుండానే దాటిపోతోంది. ఇది నా ఊహ కాదు. 2011లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళు ఆరు యూరప్ లీగ్‌ల నుంచి 60 మ్యాచ్‌లు తీసుకుని, ఆటగాడు కింద పడిన ప్రతిసారీ ఆపి ఆపి చూశారు. 2,800 పైచిలుకు సార్లు పడ్డారు. అందులో 169 పచ్చి నటన అని తేల్చారు. ఆ 169లో ఎన్నిటికి రెఫరీ శిక్ష వేశాడో తెలుసా? ఒక్కదానికీ వెయ్యలేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. స్కోరు సమంగా ఉన్నప్పుడు, ప్రత్యర్థి గోల్‌కి దగ్గరగా ఉన్నప్పుడు నటన ఎక్కువగా జరుగుతోందట. నొప్పి తట్టుకోలేక పడేవాడు స్కోరుబోర్డు చూసి పడడు కదా.

సరే, మరి రెఫరీలు ఎందుకు కార్డు తియ్యరు? పిరికివాళ్ళా? నేను పదిమంది రెఫరీలతో కూర్చుని టీ తాగేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, పిరికితనం కాదు. ఎల్లో కార్డు తియ్యాలంటే ‘వీడు కావాలనే చేశాడు’ అని రెఫరీ ఒక్క క్షణంలో నమ్మాలి. ఫౌల్ విషయంలో ఆ ఇబ్బంది లేదు, కాలు తగిలిందా లేదా అని చూస్తే చాలు. ఇక్కడేమో వాడి మనసులో ఏముందో చూడాలి. వేగంగా పరిగెత్తేవాడు చిన్న తాకిడికే నిజంగా పడిపోవచ్చు, ఎదుటివాడి కాలు తగులుతుందని ముందే ఎగిరి తప్పించుకోబోయి పడిపోవచ్చు, ఏ తాకిడీ లేకుండా కాలు జారొచ్చు. ఇవన్నీ ఫౌల్ కాకపోవచ్చు, కానీ మోసం కూడా కాదు. అదే 2002 ప్రపంచ కప్‌లో ఇటలీ టొట్టి గుర్తున్నాడా, దక్షిణ కొరియా మీద ఎక్స్‌ట్రా టైములో పెనాల్టీ బాక్సులో పడ్డాడు, రెఫరీ బైరన్ మొరేనో నటన అని తేల్చి రెండో ఎల్లో ఇచ్చి పంపేశాడు, ఇటలీ ఓడిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ నిర్ణయం మీద తగువు ఆగలేదు. ఇట్లాంటివి చూసిన రెఫరీ ‘ఎందుకొచ్చిన గొడవ, ఆడండి ఆడండి’ అని చెయ్యి ఊపి ముందుకెళ్ళిపోతాడు. వాడికి పెనాల్టీ ఇవ్వలేదు కదా, అదే శిక్ష అనుకుంటాడు.

అయినా కళ్ళకి కనిపించేవి కొన్ని ఉన్నాయి, కొత్తగా విజిల్ పట్టినవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీలో పాల్ మోరిస్ అనే సైకాలజిస్టు 2009 ప్రాంతంలో దీని మీదే పనిచేశాడు. నిజంగా బ్యాలెన్స్ తప్పినవాడి చేతులు కిందికి పోతాయి, నేలని ఆపుకోవడానికి, లేదా పక్కకి పోతాయి. ఇది మనం నేర్చుకునేది కాదు, ఒంట్లో ఉన్నదే. నటించేవాడు వీపు విల్లులా వంచి, ఛాతీ ముందుకు పెట్టి, రెండు చేతులూ తల పైకెత్తి పడతాడు. ఆ భంగిమ సహజంగా పడేవాడిలో కనిపించదు. రెండోది, తాకిడికీ పడడానికీ మధ్య సమయం. కాలు తగిలాక ఒక అడుగు వేసి, ఓ క్షణం ఆలోచించుకుని, అప్పుడు పడితే అర్థం కాదా? మూడోది, తగిలిన చోటు ఒకటి, పట్టుకున్న చోటు ఇంకొకటి, మన రివాల్డోలాగా. తర్వాత ఎక్కువ దొర్లుడు. ఇవన్నీ కలిసి కనిపించి, తాకిడి అసలు లేదని మీరు దగ్గరుండి చూస్తే, జేబులోంచి కార్డు తియ్యండి. ఎవరి మొహమూ చూడొద్దు, అది మొదటి నిమిషమైనా సరే. దూరం నుంచి చూస్తే మాత్రం తియ్యొద్దు.

ఇక్కడ నేను కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ మాటలు విని రేపటి నుంచి ప్రతి పడ్డవాణ్ణీ దొంగలా చూసే రెఫరీలు తయారైతే అది ఇంకా పెద్ద పాపం.

2021 జూన్ 12, కోపెన్‌హేగన్, డెన్మార్క్‌కీ ఫిన్లాండ్‌కీ యూరో కప్ మ్యాచ్. డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ త్రో-ఇన్ అందుకోవడానికి వస్తూ ముందుకి కూలిపోయాడు. చుట్టుపక్కల ఎవరూ అతన్ని తాకలేదు. నేను ఇప్పుడు చెప్పిన గుర్తులన్నీ పెట్టుకుని చూస్తే మొదటి ప్రశ్నకే తప్పుతాడు: తాకిడి లేదు, పడ్డాడు. గుండె ఆగిపోయింది. రెఫరీ ఆంథనీ టేలర్ వెంటనే విజిల్ వేసి డాక్టర్లను పిలిచాడు, అందుకే ఎరిక్సన్ బతికాడు, మళ్ళీ ఆడాడు కూడా. ఇక మన దేశం సంగతి. 2004 డిసెంబర్‌లో బెంగళూరులో, అంటే మన కుప్పం దాటి కాస్త ముందుకెళితే వచ్చే ఊళ్ళో, ఫెడరేషన్ కప్ ఫైనల్లో డెంపో జట్టు ఆటగాడు క్రిస్టియానో జూనియర్, బ్రెజిల్ అబ్బాయి, గోల్ కొడుతూ గోల్‌కీపర్‌ని ఢీకొని కుప్పకూలిపోయాడు. మళ్ళీ లేవలేదు. చనిపోయాడు. గ్రౌండు పక్కన ఏ ఏర్పాట్లుండాలి అనే చర్చ మన దేశంలో గట్టిగా వచ్చింది ఆ రోజు తర్వాతే.

అంత పెద్ద విషయాలు ఎందుకు, మన దగ్గర జరిగిందే చెప్తాను. ఇంటర్ పిల్లల మ్యాచ్, నేను టచ్‌లైన్ దగ్గర ఉన్నాను. ఒక పిల్లాడు బంతి కోసం కాలు చాచాడు, అవతలి పిల్లాడు కూడా చాచాడు, రెండు కాళ్ళూ కలిశాయి, వీడు పడ్డాడు. అరవలేదు. దొర్లలేదు. కుడి అరచేత్తో నేల మీద టపటపా కొడుతున్నాడు, అంతే, పెదాలు తెల్లగా పాలిపోయాయి. అప్పటికి ఆ జట్టువాళ్ళు ఆ మధ్యాహ్నం అంతా ఊరికే పడుతూ లేస్తూ ఉన్నారు, ఒక గోల్ ముందున్నారు మరి. దాంతో చుట్టూ ఉన్న జనం ఒకటే గోల, ‘లెయ్‌రా లెయ్, యాక్షన్ చాల్లే’ అని. అవతలి జట్టు కెప్టెన్ వచ్చి చొక్కా పట్టుకుని లాగబోయాడు. రెఫరీ ఆట ఆపలేదు. నేను లోపలికి పరిగెత్తి చూస్తే సాక్సు కింద ఎముక ఉండాల్సిన చోట లేదు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆ పిల్లాడు నన్నడిగింది ఒకటే, ‘సార్, నేను నటించలేదు సార్, మా వాళ్ళకి చెప్పండి సార్’ అని. కాలు విరిగినవాడు తన నొప్పికి సాక్ష్యం చెప్పమని బతిమాలుకున్నాడు. నటించేవాళ్ళ మీద నా కోపం ఎక్కడి నుంచి వస్తుందంటే ఇక్కడి నుంచి వస్తుంది. పెనాల్టీ పోతే పోయింది, మళ్ళీ ఇంకో మ్యాచ్ ఉంటుంది. తోటివాడి నొప్పిని ఎవరూ నమ్మని పరిస్థితి తెస్తున్నారు చూడండి, దాన్ని ఎట్లా వాపసు తీసుకుంటారు?

అందుకే నా వాదన ఏమిటంటే, నొప్పి నిజమా కాదా అని తేల్చే బాధ్యత రెఫరీ మీద పెట్టొద్దు. పడ్డవాడు నిజంగానే పడ్డాడని నమ్మండి, పూర్తిగా నమ్మండి, కాకపోతే ఆ నమ్మకం తాలూకు పనులన్నీ జరిపించండి. దెబ్బ తగిలిందా నాయనా, సరే, డాక్టర్ వస్తాడు, చూస్తాడు, నువ్వు బయటికెళ్ళి కూర్చుంటావు, నిదానంగా కోలుకుని వస్తావు. నిజంగా దెబ్బ తగిలినవాడికి ఇది సాయం. నటించేవాడికి ఇంతకుమించిన శిక్ష లేదు, ఎందుకంటే అంతసేపూ వాడి జట్టు పదిమందితో ఆడాలి.

ఇది అమెరికా మేజర్ లీగ్ సాకర్ వాళ్ళు 2024లో తెచ్చిన పద్ధతి. ఆటగాడు 15 సెకన్లకు మించి నేల మీద ఉండిపోయి, వైద్య సిబ్బంది లోపలికి రావాల్సి వస్తే, వాడు బయటికెళ్ళి కనీసం 2 నిమిషాలు ఉండాలి. తలకి దెబ్బ అనుమానం ఉంటే ఈ లెక్క లేదు, గోల్‌కీపర్‌కి లేదు, అవతలివాడికి కార్డు పడేంత ఫౌల్ జరిగి ఉంటే కూడా లేదు. చూడండి ఎంత తెలివైన రూలో! ఎవడి మనసులోకీ తొంగిచూడనక్కర్లేదు, ‘నువ్వు దొంగవి’ అని ఎవణ్ణీ అననక్కర్లేదు, గడియారం చూస్తే చాలు. దాన్ని ముందుగా వాళ్ళ కింది లీగ్‌లో పరీక్షించారు, అక్కడ ఊరికే పడి ఉండడాలు బాగా తగ్గాయి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో కూడా 2023-24 సీజన్ నుంచి, లోపల వైద్యం చేయించుకున్నవాడు ఆట మొదలయ్యాక 30 సెకన్లు బయట ఉండాలని పెట్టారు. నన్నడిగితే 30 సెకన్లు చాలదు. ఒక త్రో-ఇన్, ఒక గోల్ కిక్ అయ్యేలోపు అయిపోతుంది. రెండు నిమిషాలుండాలి.

మరి మన తిరుపతిలో, చిత్తూరులో, మనకి ఏ లీగ్ రూలూ లేనప్పుడు ఏం చెయ్యగలం అంటారా, చాలా చెయ్యగలం, ఉన్న రూలు పుస్తకంలోనే సగం ఉంది, మనం చదవడం లేదంతే. 5వ లా ఏమంటుందంటే, కొద్దిపాటి దెబ్బ అయితే బంతి బయటికెళ్ళేదాకా ఆట ఆపనక్కర్లేదు. తీవ్రమైన దెబ్బ అయితేనే ఆపాలి. మన రెఫరీలు ఏం చేస్తున్నారు? ఎవడు పడినా విజిల్. అవతలి జట్టు ముగ్గురు ఫార్వర్డ్‌లతో దూసుకొస్తుంటే ఇటు మిడ్‌ఫీల్డ్‌లో ఒకడు ‘అమ్మా’ అంటాడు, ఆట ఆగిపోతుంది, ఎటాక్ చచ్చిపోతుంది. తలా, మెడా, కదలిక లేకపోవడం, ఎముక, రక్తం, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, వీటిలో ఏది కనిపించినా, చివరికి అనుమానం వచ్చినా సరే, అదే క్షణం ఆపండి. పిక్క పట్టుకుని రెఫరీ వైపు చూస్తున్నవాడి కోసం ఆపనక్కర్లేదు. అలాగే ఎవడైనా పడితే బంతి బయటికి కొట్టెయ్యడం మర్యాద అనుకుంటున్నాం కదా, ఆ మర్యాదే ఇప్పుడు ఆయుధమైపోయింది, ఆపాలా వద్దా అన్నది రెఫరీకి వదిలెయ్యండి, మీరు ఆడుతూనే ఉండండి. ఆపాల్సి వస్తే డ్రాప్ బాల్, అంటే రెఫరీ బంతిని చేతిలోంచి నేల మీదికి వదిలి ఆట మళ్ళీ మొదలుపెట్టడం. 2019 నుంచి డ్రాప్ బాల్ కోసం ఇద్దరూ కొట్టుకోనక్కర్లేదు, ఒక్క జట్టుకే ఇస్తారు, పెనాల్టీ బాక్సు బయటైతే ఇప్పటి రూలు ప్రకారం బంతి ఎవరి దగ్గరుందో, ఎవరికి దక్కేదో స్పష్టంగా తెలిస్తే వాళ్ళకి, తెలియకపోతే చివరిసారి తాకిన జట్టుకి, మిగతా వాళ్ళంతా 4 మీటర్ల దూరంలో ఉండాలి. కాబట్టి ఎదుటివాళ్ళ దగ్గర బంతి లాక్కోవడానికి పడితే బంతి వాళ్ళకే తిరిగిపోతుంది.

లోపల వైద్యం జరిగితే బయటికెళ్ళాల్సిందే, ఇది కూడా 5వ లాలోనే ఉంది. గోల్‌కీపర్‌కీ అతనితో ఢీకొన్నవాడికీ మినహాయింపు, ఒకే జట్టువాళ్ళు ఇద్దరు ఢీకొంటే మినహాయింపు, తీవ్రమైన దెబ్బ అయితే మినహాయింపు, ఎదుటివాడికి కార్డు పడి వైద్యం త్వరగా అయిపోతే మినహాయింపు, పెనాల్టీ కొట్టాల్సినవాడే దెబ్బ తిన్నవాడైతే మినహాయింపు. మిగతా అందరూ బయటికే. ఆట మళ్ళీ మొదలయ్యాకే తిరిగి రావాలి, ఆట నడుస్తుంటే టచ్‌లైన్ మీద నుంచే రావాలి, అది కూడా రెఫరీ అనుమతిస్తేనే. మన దగ్గర ఏమవుతోంది? స్ప్రే కొట్టించుకుని, నీళ్ళు తాగి, జుట్టు తడుపుకుని, లైను మీద ఒక కాలు అటేసి ఒక కాలు ఇటేసి లోపలికొచ్చేస్తున్నాడు. వాణ్ణి ఆపండి.

ఇంకొకటి, ఇంజురీ టైమ్, అంటే ఆట ఆగినప్పుడు పోయిన టైముని చివర్లో కలపడం. 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్-ఇరాన్ మ్యాచ్ గుర్తుందా, మొదటి సగానికే 14 నిమిషాలు కలిపారు, ఎందుకంటే ఇరాన్ గోల్‌కీపర్ తోటి ఆటగాణ్ణి ఢీకొని నిజంగా దెబ్బ తిన్నాడు, అంత టైమూ లెక్కపెట్టి తిరిగిచ్చారు. మన దగ్గరేమో పోయింది ఎనిమిది నిమిషాలైనా ఇచ్చేది రెండే. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తర్వాతి మ్యాచ్ జట్లు వార్మప్ చేస్తుంటాయి, వెలుతురు తగ్గిపోతుంటుంది, ముఖ్య అతిథి శాలువా కోసం ఎదురుచూస్తుంటారు, నిర్వాహకులు గడియారం చూపించి ‘సార్, కానీండి సార్’ అంటుంటారు. ఆ ఆరు నిమిషాలూ నటించినవాడి జేబులోకి పోతున్నాయి. నిర్వాహకులకు చేతులు జోడించి అడుగుతున్నాను, రోజుకి ఒక మ్యాచ్ తక్కువ పెట్టుకోండి, రెఫరీని తొందరపెట్టకండి.

గోల్‌కీపర్ల గురించి ఒక్క మాట. కీపర్ బయటికెళ్ళనక్కర్లేదు కాబట్టి ఇప్పుడు కోచ్‌లు కీపర్‌ని పడిపొమ్మని సైగ చేసి, ఆ గ్యాప్‌లో మిగతా పదిమందినీ టచ్‌లైన్ దగ్గరికి పిలిచి ప్లాన్ మార్చి చెప్తున్నారు. పెద్ద లీగ్‌లలో మొదలై మన దాకా వచ్చింది. కీపర్‌కి వైద్యం జరుగుతుంటే రెండు జట్లూ తమ తమ సగంలోనే నిలబడాలి, కోచ్ దగ్గరికి ఎవరూ పోకూడదని టోర్నమెంటు కమిటీ ముందే చెప్పేస్తే చాలు.

కార్డు ఎక్కడ వాడాలి, టైము ఎక్కడ వాడాలి అంటే, తాకిడే లేకుండా పెనాల్టీ కోసం పడినవాడికి కార్డు, ఎదుటివాణ్ణి బయటికి పంపించడానికి మొహం పట్టుకున్నవాడికి కార్డు. ఎదుటివాడికి రెడ్ ఇప్పించడం కోసం నటిస్తే దానికి ఎల్లో చాలదని నా గట్టి అభిప్రాయం, నటించినవాడికే రెడ్ పడాలి. కానీ రూలు అంతవరకు ఒప్పుకోదు, రెఫరీ సొంతంగా రూలు రాసుకోకూడదు. అక్కడ పనికొచ్చేది మ్యాచ్ తర్వాత శిక్ష. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 2017-18 నుంచి ఇది పెట్టింది. నటనతో పెనాల్టీ సంపాదించినా, ఎదుటివాణ్ణి బయటికి పంపించినా, ముగ్గురు సభ్యుల ప్యానెల్ విడివిడిగా వీడియో చూస్తారు, ముగ్గురూ ఏకగ్రీవంగా మోసమే అంటే రెండు మ్యాచ్‌ల నిషేధం. ప్రీమియర్ లీగ్‌లో దానికి మొదట దొరికింది ఎవర్టన్ ఆటగాడు ఉమర్ నియాస్, 2017 నవంబర్‌లో. ‘ఏకగ్రీవంగా’ అన్నది ముఖ్యం. ఒక్కడికి అనుమానం ఉన్నా వదిలేస్తారు, అట్లాగే వదిలెయ్యాలి.

వీడియో రెఫరీ వచ్చాక ఇదంతా పోతుందని చాలామంది ఆశపడ్డారు. కొంత పోయింది. 2018 ప్రపంచ కప్‌లో కోస్టారికా మీద బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ వెనక్కి వాలిపోతే రెఫరీ పెనాల్టీ ఇచ్చి, స్క్రీన్ చూసి వెనక్కి తీసుకున్నాడు. మంచిదే. కానీ ఆ పడినందుకు కార్డు చూపించలేదు! పట్టుబడితే నష్టం లేదు, పట్టుబడకపోతే పెనాల్టీ. ఈ లెక్క ఎవడికైనా అర్థమవుతుంది.

మన టోర్నమెంట్లకు వీడియో రెఫరీ ఎక్కడిది అంటారు. గ్రౌండు చుట్టూ యాభై ఫోన్లు ఉంటాయి కదా. ఆ వీడియోలు పెట్టుకుని స్టేటస్‌లలో తిట్టుకోవడం మానేసి, కమిటీలో ముగ్గుర్ని, రెండు జట్లకూ సంబంధం లేనివాళ్ళని, కూర్చోబెట్టండి. మ్యాచ్ ఫలితం మార్చొద్దు, అది మారిస్తే కొట్లాటలే. ఆటగాడి మీద మాత్రం చర్య తీసుకోండి. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. స్కూలు పిల్లలు, వెటరన్స్, కింది స్థాయి పోటీల్లో ఎల్లో కార్డు చూపించి ఆటగాణ్ణి కొంతసేపు బయట కూర్చోబెట్టే పద్ధతిని రూలు పుస్తకమే అనుమతిస్తుంది, మ్యాచ్ నిడివిలో 10 నుంచి 15 శాతం వరకు. 60 నిమిషాల మ్యాచ్ అయితే ఆరు నుంచి తొమ్మిది నిమిషాలు. దానికి పైనున్న అసోసియేషన్ అనుమతి కావాలి, అడుగుదాం, కాగితం పెట్టుకుందాం. పదిహేనేళ్ళ పిల్లాడికి ఎల్లో కార్డంటే వాట్సాప్ డీపీ, ఏడు నిమిషాలు బెంచీ మీద కూర్చుని తన జట్టు గోల్ తినడం చూస్తే తెలుస్తుంది.

పీఈటీ సార్లూ, ఇప్పుడు మీతో. కోపం తెచ్చుకోవద్దు. ఈ పిల్లలకు పడడం ఎవరు నేర్పారు? అన్నీ టీవీ నేర్పలేదు. ‘పెనాల్టీ ఏరియాలోకి పొయ్యాక చెయ్యి తగిల్తే పడిపో’ అని బెంచీ మీద నుంచి అరిచిన గొంతులు నేను విన్నాను. వేషాలు కట్టడానికి మనకి గంగమ్మ జాతర ఉంది, అది మొక్కు, అది భక్తి, ఊరంతా చేతులెత్తి మొక్కుతుంది. గ్రౌండులో కట్టే వేషానికి ఏ దేవతా లేదు. మీరు హాఫ్ టైములో ఒక్క మాట అంటే చాలు, ‘ఊరికే పడినవాణ్ణి నేనే సబ్‌స్టిట్యూట్ చేస్తాను’ అని. రెఫరీ కార్డు కన్నా పదింతలు పనిచేస్తుంది.

మన తెలుగువాడు ఒకాయన, హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం, స్కూల్ టీచర్‌గా పనిచేసి భారత జట్టుకి కోచ్ అయినవాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిపెట్టాడు. ఆ టోర్నీలో జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెండర్ అతను. ఆ కుట్లతోనే సెమీఫైనల్లో, ఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపితే రెండిటిలోనూ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాని 2-1తో ఓడించాం. ఈ కథ చెప్పి ‘చూడండ్రా, మీరూ దెబ్బలతో ఆడండి’ అని పిల్లలకు చెప్పేవాళ్ళున్నారు, దయచేసి అట్లా చెప్పొద్దు. ఇవాళ తలకి అట్లాంటి దెబ్బ తగిలితే ఆడనివ్వకూడదు, ఆడనివ్వను. నేను ఆ కథలో చూసేది వేరే. ఆ జట్టులో ఒకడు కింద పడితే నిజమా అబద్ధమా అని ఎవరూ అడిగి ఉండరు.

ఆడపిల్లలు నలుగురైదుగురు వెనక వరసలో చేతులెత్తుతున్నారు, ఏం అడగబోతున్నారో ఊహించగలను. అవును, మీ ఆటలో ఇది తక్కువ. 2011లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది, అంతర్జాతీయ మహిళల మ్యాచ్‌లలో గాయంలాగా కనిపించే సందర్భాలు మ్యాచ్‌కి ఆరు లోపు, మగవాళ్ళ మ్యాచ్‌లలో పదకొండు పైన. పైగా రక్తం కనిపించడమో, ఐదు నిమిషాల్లో ఆటగాడు బయటికెళ్ళిపోవడమో జరిగినవే నిజమైనవి అని లెక్కేస్తే మహిళల్లో 13.7 శాతం, మగవాళ్ళలో 7.2 శాతమే. మగపిల్లలూ, ఆ అంకె రాసుకోండి.

పట్టుబడకముందే తప్పు ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. 2014 మార్చిలో జర్మనీలో వెర్డర్ బ్రెమెన్ ఆటగాడు ఆరన్ హంట్ బాక్సులో పడ్డాడు, రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు, హంట్ లేచి వెళ్ళి ‘నన్నెవరూ తాకలేదు’ అన్నాడు, రెఫరీ పెనాల్టీ రద్దుచేసి చెయ్యి కలిపాడు. మీలో ఎవరైనా అట్లా వచ్చి చెప్తే రెఫరీలు దయచేసి కార్డు ఇవ్వకండి. నిజం చెప్పినవాడికి శిక్ష వేస్తే రెండోసారి ఎవడూ చెప్పడు.

టోర్నమెంటు పెట్టే కమిటీలవాళ్ళు టీ బ్రేక్‌లో నా దగ్గరికి రండి. రూల్స్ షీట్‌లో చేర్చడానికి నాలుగు లైన్లు తెలుగులో రాసి తెచ్చాను: లోపల వైద్యం చేయించుకుంటే రెండు నిమిషాలు బయట, తలకి దెబ్బకీ కార్డు పడిన ఫౌల్‌కీ మినహాయింపు, కీపర్ పడితే ఎవరూ కోచ్ దగ్గరికి పోకూడదు, పోయిన టైమంతా కలపాలి. ఇందులో రెండు నిమిషాల లైనుకి కూడా అసోసియేషన్ సంతకం తీసుకుందాం, అప్పుడు ఎవరూ ప్రశ్నించలేరు. వీటితో పాటు ఇంకొకటి, నిర్వాహకులు తప్పించుకోలేనిది: గ్రౌండు పక్కన స్ట్రెచర్, ఐస్, ప్రథమ చికిత్స తెలిసిన మనిషి, ఆస్పత్రికి పోవడానికి బండి. ఇవి లేకుండా టోర్నమెంటు పెట్టేవాళ్ళకి పడినవాణ్ణి నటుడు అనే హక్కు లేదు. ఇప్పుడు ఆ అమ్మాయిలు అడగాలనుకున్నది అడగొచ్చు, మైకు అటివ్వండి.